హాస్పిటల్ వార్డు బొమ్మ వెయ్యడం ఎలా: పర్మిషన్ నుంచి ఫ్రేము దాకా

వార్డులో పేషెంట్ల బొమ్మ వెయ్యాలనుంది, ఎక్కడ మొదలెట్టాలి, లోపలికి రానిస్తారా, చార్‌కోలా (బొగ్గు పుల్లలు) యాక్రిలిక్ రంగులా, మొహాలు వెయ్యొచ్చా అని అడిగేవాళ్ళు ఎక్కువైపోయారు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పే బదులు మొత్తం వరసగా రాసేస్తున్నా. వైజాగ్‌లో ఉండి వేసేవాళ్ళని మనసులో పెట్టుకుని రాశాను, వేరే ఊరోళ్ళు హాస్పిటల్ పేర్లు మార్చుకుంటే చాలు.

ఫొటో చూసి అచ్చు దించే పద్ధతి కావాలంటే ఇది మీకు పనికిరాదు. నీరసం, నొప్పి, ఎదురుచూపు చూసేవాళ్ళకి ఒంట్లో తగిలేలా వేసే బొమ్మ గురించి ఇది. దీంట్లో నేను గట్టిగా నమ్మేది ఒకటే, జబ్బు మొహంలో కంటే ఒంటి బరువులో ఎక్కువ కనిపిస్తుంది. బాగున్న మనిషి పడుకున్నా ఎక్కడో కాస్త బిగువు ఉంటుంది, జబ్బు మనిషి బరువంతా మంచానికో గోడకో పక్కవాళ్ళ భుజానికో వదిలేస్తాడు. కింద చెప్పేవన్నీ ఆ బరువుని పేపరు మీదకి తేవడానికే.

ఒక ఫుల్ షీటు బొమ్మకి రెండు మూడు వారాల సాయంత్రాలు పెట్టుకోండి. ఒక్క ఆదివారంలో అయిపోద్దని కూర్చుంటే అవ్వదు.

1. ముందు ఒక్క వాక్యం రాసుకోండి

"హాస్పిటల్ బాధలు" అనేది సబ్జెక్టు కాదు. దాంతో కూర్చుంటే సెలైన్ బాటిల్, డాక్టరు, ఏడుస్తున్న తల్లి, గోడ మీద గడియారం అన్నీ ఒకే పేపరులో కుక్కేస్తారు. ఎవరు, ఎక్కడ, ఏం చేస్తున్నారు అని ఒక్క వాక్యం రాయండి. అందులో క్రియ ఉండాలి, ఎందుకంటే పోజు వచ్చేది క్రియ నుంచే.

ఉదాహరణకి:

- డయాలసిస్ అయ్యాక తండ్రిని మంచం మీంచి లేపుతున్న కొడుకు, ఇద్దరూ ఉద్దానం బస్సు ఎక్కాలి
- ఓపీ చీటీ పట్టుకుని గోడకి ఆనుకున్న పెద్దావిడ, ఆవిడ వంతు ఇంకా రాలేదు
- పాడేరు వైపు నుంచి వచ్చిన బాలింత, పక్కన ఏం చెయ్యాలో తెలీక నిలబడ్డ మొగుడు
- పైన మంచం మీద మెలకువగా ఉన్న పేషెంటు, మంచం కింద చాప మీద నిద్రపోతున్న భార్య

ఈ ఆఖరిదాన్నే ఇక్కడ మన ప్రాక్టీసు బొమ్మగా తీసుకుందాం. జనరల్ వార్డుల్లో రాత్రి పూట ఎవరైనా చూసిందే, పైగా ఒకే ఫ్రేములో రెండు రకాల బరువులు దొరుకుతాయి.

2. పర్మిషన్ సంగతి

ఫోను కెమెరా బయటికి తియ్యొద్దు. ఇది మొదటి రూలు, దీనికి మినహాయింపు లేదు. "రిఫరెన్సు కోసం ఒక్క ఫొటో" అని మొదలెట్టినవాళ్ళు తర్వాత ఆ ఫొటోకే బానిసలైపోతారు, బొమ్మ కూడా చచ్చిపోద్ది, అవతలి మనిషికి చేసే అన్యాయం ఎలాగూ ఉంది.

వైజాగ్‌లో కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్), విమ్స్ లాంటి గవర్నమెంటు హాస్పిటల్ లోపల కూర్చుని గియ్యాలంటే సూపరింటెండెంట్ పేరు మీద లెటర్ పెట్టుకోండి. ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ) ఫైన్ ఆర్ట్స్ స్టూడెంట్లయితే డిపార్ట్‌మెంటు నుంచి లెటర్ తీసుకెళ్తే మాట తొందరగా నడుస్తుంది. లెటర్‌లో ఈ ముక్కలు ఉండాలి:

- ఏ వార్డు, ఏ రోజులు, ఏ టైము
- పెన్సిలు, చిన్న నోట్‌బుక్కు తప్ప ఇంకేం తేమని
- ఫొటో, వీడియో, రికార్డింగు ఉండదని
- పేరు, జబ్బు, మంచం నంబరు ఎక్కడా రాయమని
- సిస్టర్ గానీ డాక్టరు గానీ వెళ్ళమంటే వెంటనే వెళ్ళిపోతామని

లెటర్ దొరికినా సరే ప్రతిసారీ డ్యూటీలో ఉన్న సిస్టర్‌ని అడిగే లోపలికి వెళ్ళాలి. ఆ తర్వాత పేషెంటునీ, పక్కనున్నవాళ్ళనీ విడిగా అడగాలి. హాస్పిటల్ ఒప్పుకుంటే పేషెంటు ఒప్పుకున్నట్టు కాదు.

అడిగేటప్పుడు సూటిగా అడగండి. "అమ్మా, నేను బొమ్మలేస్తుంటాను, మీరు కూర్చున్న తీరు గీసుకుంటాను, మొహం గుర్తుపట్టేలా వెయ్యను, వద్దంటే మానేస్తాను." చాలామంది "నా బొమ్మేటి బాబూ" అని నవ్వేస్తారు. ఆ నవ్వుని ఒప్పుకున్నట్టు లెక్కేసుకోకండి, ఇంకోసారి అడగండి. మందు మత్తులో ఉన్నవాళ్ళని, మాట తడబడుతున్నవాళ్ళని అసలు అడగొద్దు.

ఇంకో చిన్న విషయం, ఎవరూ చెప్పరు. అట్ట, పేపరు, పెన్ను పట్టుకుని తిరిగితే జనం మిమ్మల్ని ఆరోగ్యమిత్ర అనో ఆఫీసు స్టాఫ్ అనో అనుకుని ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు) కార్డు చేతిలో పెట్టి "మా పని ఎంతవరకొచ్చింది సార్" అని అడుగుతారు. పాపం వాళ్ళు పొద్దుట్నుంచి తిరుగుతుంటారు. అందుకే పెద్ద అట్ట వద్దు, జేబులో పట్టే నోట్‌బుక్కు చాలు, నేను స్టాఫ్ కాదని ముందే చెప్పెయ్యండి.

వెళ్ళకూడని చోట్లు: ఐసీయూ, కాలిన గాయాల వార్డు, లేబర్ రూము, క్యాజువాలిటీ. చినవాల్తేరు మెంటల్ హాస్పిటల్ వైపు నోట్‌బుక్కుతో అసలు వెళ్ళొద్దు. మెంటల్ హెల్త్‌కేర్ చట్టం, 2017 ప్రకారం అక్కడ ట్రీట్‌మెంట్‌లో ఉన్నవాళ్ళ ఫొటో గానీ వివరాలు గానీ వాళ్ళ పర్మిషన్ లేకుండా మీడియాకి ఇవ్వకూడదు. బొమ్మ ఫొటో కాదు కదా అని వాదించొచ్చు, కానీ మొహం గుర్తుపడితే అవతలివాళ్ళకి జరిగే నష్టం ఒకటే. హెచ్ఐవీ విషయంలోనూ అంతే, ఒకరికి ఆ జబ్బుందని వాళ్ళని అడక్కుండా బయటపెట్టకూడదని 2017లోనే చట్టం వచ్చింది.

పర్మిషన్ దొరకలేదా, కంగారు లేదు. కేజీహెచ్ డౌన్‌లో మందుల షాపుల ముందు నిలబడండి, సాయంత్రం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో శ్రీకాకుళం, విజయనగరం బస్సుల దగ్గర చూడండి. చేతిలో ఎక్స్‌రే కవరు, ఇంకో చేతిలో పేషెంటు మోచెయ్యి పట్టుకుని నడిచేవాళ్ళు కనిపిస్తారు. నన్నడిగితే సగం బొమ్మ అక్కడే దొరుకుద్ది.

3. గియ్యకుండా చూడటం

వార్డులో కూర్చుని గంటలు గంటలు గీస్తే అందరి చూపూ మీ మీదే, ఎవరూ మామూలుగా ఉండరు. అందుకని చూసి బయటికొచ్చి గియ్యడం నేర్చుకోండి. బార్బరా హెప్‌వర్త్ అనే బ్రిటిష్ శిల్పి 1947 నుంచి 1949 దాకా ఆపరేషన్ థియేటర్ల బొమ్మలు వేసింది, ఆవిడ కూడా అక్కడ చూసి చిన్న చిన్న గీతలు పెట్టుకుని అసలు బొమ్మలు స్టూడియోకి వెళ్ళి వేసుకునేది.

పద్ధతి ఇది. ఐదు నిమిషాలు ఒకే మనిషిని చూడండి, అది కూడా తేరిపార చూడకుండా మర్యాదగా. వరండాలోకి వచ్చి వెంటనే గియ్యండి. ముందు మంచం గీత, తర్వాత ఒళ్ళు మంచాన్ని తాకిన చోట్లు, తర్వాత తల ఎటు వాలింది, ఆఖర్న చేతులు. మొహం వదిలెయ్యండి. మొదట్లో సగం మర్చిపోతారు, పర్లేదు, గుర్తున్న సగమే మీకు నిజంగా తగిలింది.

చూసేటప్పుడు మనసులో ఈ లిస్టు తిప్పుకోండి:

- బరువు ఎక్కడ ఆనింది? తల, భుజం, నడుం, మడమ
- మెడ కింద దిండుందా, మడతపెట్టిన చీరుందా, ఏమీ లేదా
- చేతులు ఏం పట్టుకున్నాయి, మంచం రాడ్డా, చీర కొంగా, ఖాళీయా
- పక్కవాళ్ళు పేషెంటుని చూస్తున్నారా, తలుపు వైపు చూస్తున్నారా
- వెలుగు వరండా వైపు నుంచా, పైన ట్యూబులైటు నుంచా
- మంచం కింద ఏముంది? చాప, చెప్పులు, క్యారేజీ, నీళ్ళ బాటిలు, బట్టల కవరు

మీ కన్ను ఏ ఎత్తులో ఉందో కూడా రాసుకోండి, ఇది చాలామంది పట్టించుకోరు. నిలబడి చూస్తే అది డాక్టరు చూపు, పేషెంటు కింద పడున్నట్టు వస్తాడు. స్టూలు మీద కూర్చుంటే చుట్టం చూపు. నేల మీద కూర్చుంటే మంచం అంచు ఎత్తుగా, పైన మనిషి అందనంత దూరంగా కనిపిస్తాడు. మన ప్రాక్టీసు బొమ్మకి నేల చూపే కావాలి, ఎందుకంటే కింద భార్య పడుకుని ఉంది.

4. ఏ జబ్బు ఒంటిని ఎలా వంచుతుంది

ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఎక్కువ బొమ్మలు పాడయ్యేది ఇక్కడే. అందరికీ ఒకే పోజు వేసేస్తారు, వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకుని. జబ్బుని బట్టి ఒళ్ళు మారిపోతుంది.

ఆయాసం: ఊపిరి అందని మనిషి వెల్లకిలా పడుకోలేడు. లేచి కూర్చుని ముందుకి వంగి రెండు చేతులూ మోకాళ్ళ మీదో మంచం అంచు మీదో ఆనించి బరువు చేతుల మీద మోపుతాడు. భుజాలు పైకి లేస్తాయి, మెడలో నరాలూ కండరాలూ తాళ్ళలా తేలతాయి, కాలర్ బోను పైన గుంట లోతుగా కనిపిస్తుంది. ఆ గుంటలో ఒక్క నల్లటి మచ్చ పెడితే చాలు, నోరు తెరిచి వెయ్యక్కర్లేదు.

కడుపు నొప్పి: రాయి కదిలినప్పుడు వచ్చే నొప్పికి మనిషి ఒక్కచోట ఉండడు, దొర్లుతాడు, దుప్పటంతా చుట్టుకుపోద్ది. అదే కడుపు లోపలి పొరకి ఇన్ఫెక్షన్ వస్తే కదిలితే నొప్పి కాబట్టి మోకాళ్ళు ముడుచుకుని కదలకుండా ఉంటాడు, దుప్పటి కూడా కదలదు. చూశారా, దుప్పటి మడతలే కథ చెప్పేస్తాయి.

పక్షవాతం: నోరు ఒక వైపు జారుతుంది, ఆ వైపు బుగ్గ మీద గీత చెరిగిపోతుంది, కానీ మెదడులో వచ్చే స్ట్రోకులో నుదురు మీద ముడతలు మామూలుగా రెండు వైపులా ఉంటాయి. చెయ్యి మొదట్లో వేలాడుతుంది, కొన్నాళ్ళకి మోచేతి దగ్గర వంగి గుండెకి దగ్గరగా బిగుసుకుంటుంది. కొత్తగా వచ్చిన పేషెంటుకి బిగుసుకున్న చెయ్యి వేస్తే తప్పు.

కిడ్నీ: పొద్దున్న పూట కళ్ళ చుట్టూ ఉబ్బు, పాదాల వాపు. చెప్పు పట్టీ అచ్చు పాదం మీద దిగిపోయి ఉంటుంది. మొహం ఉబ్బి కూడా మనిషి నీరసంగా ఉంటాడు, బొద్దుగా వేస్తే ఆరోగ్యంగా కనిపిస్తాడని భయపడి బుగ్గలు లోపలికి లాగేస్తుంటారు, అలా చెయ్యొద్దు.

నెలల తరబడి జబ్బు: టీబీ, క్యాన్సర్ లాంటివి కండని తినేస్తాయి. కణతల దగ్గర గుంట, చేతి వెనక ఎముకల మధ్య గుంటలు, పక్కటెముకలు. నా లెక్కలో వీటన్నిటికంటే గట్టిగా పనిచేసేది పాత చొక్కా. ఒంటికి రెండింతలు వెడల్పున్న కాలరు, అందులో మెడ.

జ్వరం: చలి వణుకులో ముడుచుకుపోతాడు, చెమట పట్టాక దుప్పటి తన్నేసి కాళ్ళు బార్లా చాపేస్తాడు. ఒకే మనిషికి రెండు పోజులు, గంటల తేడాలో.

పక్కనున్నవాళ్ళు: వీళ్ళని మర్చిపోకండి. కూర్చుని నిద్రపోయే మెడ, గొంతుక్కూర్చున్న నడుం, ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకున్న చేతులు. పేషెంటు కంటే వీళ్ళ ఒంట్లోనే అలుపు ఎక్కువ కనిపిస్తుందని నాకెప్పుడూ అనిపిస్తుంది.

5. ఇంట్లో పోజు పెట్టించుకోవడం

పేషెంటు మిమ్మల్ని కూర్చోబెట్టుకుని గంట పోజివ్వడు, ఇవ్వమనకూడదు కూడా. ఇంట్లో తమ్ముణ్ణో అత్తయ్యనో పట్టుకోండి. తుడిచే మాపు కర్రని కుర్చీకి కడితే సెలైన్ స్టాండు అయిపోద్ది.

పోజిచ్చేవాళ్ళు తెలీకుండానే బిగువుగా ఉంటారు. వాళ్ళ చెయ్యి పైకెత్తి వదలండి, దబ్బున పడితే వదులైనట్టు, గాల్లో ఆగితే ఇంకా కాలేదు. మధ్యాహ్నం భోజనం అయ్యాక పిలిస్తే ఈ గొడవ ఉండదు, వాళ్ళే నిద్రపోతారు.

కాళ్ళ వైపు నుంచి చూస్తే ఒళ్ళు కుదించుకుపోయినట్టు కనిపిస్తుంది, ఇక్కడ అందరూ ఇబ్బంది పడతారు. చెయ్యి చాపి పెన్సిల్‌తో కొలవండి, పాదం ఎత్తు ఎంత, తల ఎత్తు ఎంత. మెదడు చెప్పింది నమ్మకండి, పెన్సిలు చెప్పింది వెయ్యండి. మరీ దగ్గరగా నిలబడితే పాదాలు రాక్షసంగా వచ్చేస్తాయి, పది పన్నెండు అడుగులు వెనక్కి వెళ్ళండి.

బట్టలు మన వార్డులో వేసుకునేవే వెయ్యండి. నైటీ మీద తువ్వాలు, లుంగీ, బనీను, పాత చీర. ఇంటర్నెట్‌లో బొమ్మలు చూసి అందరికీ వెనక ముడేసిన గౌను వేసేస్తే అది మన జనరల్ వార్డు అవ్వదు.

6. సామాన్లు

- 22×30 అంగుళాల షీటు, 300 జీఎస్ఎం మందం వాటర్‌కలర్ పేపరు. ప్రాక్టీసుకి మామూలు డ్రాయింగు కార్ట్‌రిడ్జ్ షీటు
- యాక్రిలిక్ జెస్సో (రంగుకి ముందు పేపరుకి కొట్టే తెల్ల పూత), సన్న ఉప్పు కాగితం
- చార్‌కోల్ రెండు రకాలు: మెత్తటి కాల్చిన పుల్లలు, గట్టి కంప్రెస్డ్ ఒకటి
- పిండిలా నలిపే ఇరేజరు, పాత కాటన్ గుడ్డ
- యాక్రిలిక్ రంగులు: తెలుపు, అల్ట్రామెరైన్, బర్న్‌ట్ అంబర్, ఎల్లో ఆకర్, క్రిమ్సన్, శాప్ గ్రీన్. నలుపు కొనొద్దు
- అంగుళం ఫ్లాట్ బ్రష్షు, గరుకు బ్రష్షు ఒకటి, బ్రష్షు వెనక మొన కూడా పనికొస్తుంది
- ఫిక్సేటివ్ స్ప్రే (చార్‌కోల్ చెరగకుండా పట్టి ఉంచేది), మాస్కింగ్ టేపు, ప్లైవుడ్ అట్ట

ద్వారకానగర్, డాబాగార్డెన్స్ వైపు స్టేషనరీ షాపుల్లో అడిగి చూడండి, దొరకనివి ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. డబ్బుల్లేవని ఆగిపోవద్దు. 1943 బెంగాల్ కరువులో జైనుల్ ఆబెదిన్ అనే బెంగాలీ ఆర్టిస్టు వేసిన బొమ్మలు చవక ప్యాకింగ్ కాగితం మీద, నల్ల ఇంకుతో, బ్రష్షుతో వేసినవి. ఖాకీ కాగితం, ఒక ఇంకు బాటిలు ఉంటే మీరూ మొదలెట్టొచ్చు.

7. చిన్న ప్లాన్లు

2×3 అంగుళాల చిన్న డబ్బాలు పేజీ నిండా గీసుకుని ఒక్కో దాంట్లో ఒక్కో ప్లాను వెయ్యండి. మూడే టోన్లు, తెలుపు, బూడిద, నలుపు. గీతలు వద్దు, మచ్చలే.

వాన్ గో అనే డచ్ పెయింటర్ 1889లో ఫ్రాన్స్‌లోని ఆర్ల్ ఊరి హాస్పిటల్ వార్డు వేసినప్పుడు ముందు పెద్ద ఖాళీ నేల, ఒక స్టవ్వు పెట్టి, మంచాలు రెండు వైపులా వెనక్కి వెళ్ళిపోయేలా వేశాడు. మనం తీసుకోవాల్సింది ఆ నేలే. మనుషుల్ని పెద్దగా వేస్తే బాధ పెద్దగా వస్తుందనుకుంటారు, నేల ఎక్కువ వదిలితే గదిలో ఉన్న ఒంటరితనం దానంతటదే వస్తుంది.

మన బొమ్మకి నిలువు షీటు. పై నుంచి మూడో వంతు దగ్గర మంచం అంచు, అడ్డంగా ఒకే గట్టి గీత. పైన తక్కువ చోటులో పేషెంటు. కింద చీకటి, అందులో చాప, భార్య వీపు. మంచం కాళ్ళు ఆవిడ ముందు నిలువుగా దిగాలి. గోడకి కింద సగం ఆకుపచ్చ ఆయిల్ పెయింటు, పైన వెల్ల, ఆ రెండూ కలిసే గీత మంచం గీతతో కలవకుండా చూసుకోండి, కలిస్తే లోతు పోద్ది.

8. పెద్ద షీటు మీద, వరసగా

ఈ వరస మార్చకండి, మారిస్తే మధ్యలో బురదవుద్ది.

ఒకటి. షీటుని టేపుతో అట్టకి అన్ని వైపులా అంటించి జెస్సో ఒక కోటు పల్చగా, బ్రష్షు గీతలు కనిపించేలానే కొట్టండి. బాగా ఆరాక ఉప్పు కాగితంతో ఒక్కసారి రుద్దండి.

రెండు. మెత్తటి చార్‌కోల్‌ని పక్కకి పడుకోబెట్టి షీటు మొత్తం రుద్ది గుడ్డతో తుడవండి. ఇప్పుడు మీ చేతిలో తెల్ల పేపరు లేదు, రాత్రి వార్డు ఉంది.

మూడు. ఇరేజరుతో చెరిపి వెలుగు బయటికి తియ్యండి. ముందు దుప్పటి పైభాగం, తర్వాత పేషెంటు నుదురు, ముంజెయ్యి. అంతే, ఇంకేం తియ్యొద్దు.

నాలుగు. కంప్రెస్డ్ చార్‌కోల్‌తో ఒళ్ళు మంచానికి తాకిన చోట్లు నొక్కి నల్లగా పెట్టండి. భుజం కింద, తుంటి కింద, మడమ కింద. మన బొమ్మకి వెన్నెముక ఈ స్టెప్పే, ఇక్కడ చెయ్యి బిగపట్టొద్దు, పుల్ల విరిగినా పర్లేదు. పరుపు ఆ చోట్ల కిందకి కుంగాలి.

ఐదు. మనుషుల్ని ముద్దలుగా పెట్టండి, వేళ్ళూ ముక్కులూ ఇప్పుడే కాదు. పదడుగులు వెనక్కెళ్ళి చూడండి, అక్కణ్ణుంచి కూడా ఎవరు మెలకువగా ఉన్నారో ఎవరు నిద్రపోతున్నారో తెలియాలి. తెలియకపోతే గీతలతో సర్దకండి, ముద్దని మార్చండి. మెలకువ మనిషికి మెడ కొంచెం బిగువు, నిద్ర మనిషికి మెడ పూర్తిగా వాలు.

ఆరు. ఫిక్సేటివ్ పల్చగా కొట్టి ఆరనివ్వండి. ఇది మానేసి రంగు వేస్తే చార్‌కోల్ లేచి రంగులో కలిసిపోద్ది.

ఏడు. యాక్రిలిక్ నీళ్ళగా, పొరలు పొరలుగా. ఒక పొర ఆరాకే ఇంకోటి. వేసవిలో ఫ్యాను కింద రంగు పళ్ళెంలోనే గట్టిపడిపోద్ది, మధ్యమధ్యలో నీళ్ళ స్ప్రే కొట్టుకోండి.

ఎనిమిది. గోకడం. ఎడ్వర్డ్ ముంక్ అనే నార్వే పెయింటర్ 1885-86లో జబ్బు పిల్ల బొమ్మ వేసినప్పుడు వేసిన రంగుని గోకి మళ్ళీ వేసి మళ్ళీ గోకాడు, ఆ గీరలు అలాగే ఉంచేశాడు. చనిపోయిన అక్క జ్ఞాపకం మీద వేసిన బొమ్మ అది. మీరు యాక్రిలిక్ సగం ఆరినప్పుడు బ్రష్షు వెనక మొనతో దుప్పటి మీద, గోడ మీద గీరండి. మనిషి ఒంటి మీద మాత్రం తక్కువ, ఎక్కువ గీరితే గాయాల్లా కనిపిస్తాయి.

తొమ్మిది. చేతులు. నిద్రపోయే చెయ్యైనా సరే వేళ్ళు కొంచెం లోపలికి వంగి ఉంటాయి.

పది. మొహం ఆఖర్న, సగమే. నీడలోకి తిప్పెయ్యండి, కొంగు కప్పండి, చెయ్యి అడ్డం పెట్టండి. గుర్తుపట్టకుండా ఉండటానికీ ఇదే దారి, బొమ్మకీ ఇదే బలం.

9. రంగుల గురించి

పాలిపోయాడు అనగానే తెలుపు కలిపేస్తున్నారు. మన ఒంటి రంగుకి అది సున్నం కొట్టినట్టు వస్తుంది. చామనఛాయ మనిషి జబ్బు పడితే ఎరుపు తగ్గి బూడిదగా, మట్టిగా అవుతాడు. బర్న్‌ట్ అంబర్, ఎల్లో ఆకర్ కలిపి అసలు రంగు చేసుకోండి, అందులో కొంచెం అల్ట్రామెరైన్, చిటికెడు ఆకుపచ్చ వేస్తే ఎరుపు చచ్చిపోద్ది. రక్తం తక్కువైతే అది బుగ్గల్లో కంటే కింది కనురెప్ప లోపల, అరచేతిలో, గోళ్ళలో తెలుస్తుంది. కామెర్లయితే పసుపు కంటి తెల్లగుడ్డులో పెట్టండి, ఒళ్ళంతా పసుపు పూస్తే పెళ్ళి బొమ్మవుద్ది.

తెల్ల దుప్పటి తెల్లగా ఉండదు. అల్ట్రామెరైన్, అంబర్ కలిపిన బూడిదలో తెలుపు వేసి వాడండి. అచ్చ తెలుపు బొమ్మ మొత్తంలో ఒక్కచోటే.

గట్టి రంగు కూడా ఒక్కదానికే ఇవ్వండి. నేనైతే కింద పడుకున్న భార్య చీరకి ఇస్తాను, ముదురు గులాబీయో ఆకుపచ్చో. ఇంటి నుంచి తెచ్చుకున్న రంగు అదొక్కటే కదా ఆ గదిలో.

10. ఎక్కువగా జరిగే తప్పులు, సర్దుకునే దారి

మనిషి గాల్లో తేలుతున్నాడు: తాకిన చోట్ల నలుపు చాల్లేదు. ఎనిమిదో భాగంలో నాలుగో స్టెప్పుకి వెళ్ళండి, రంగు మీద కూడా ముదురు అంబర్‌తో పెట్టొచ్చు.

పేషెంటు శవంలా ఉన్నాడు: ఒక మోకాలు కొంచెం వంచండి, ఒక చేతికి దుప్పటి అంచు పట్టించండి. కాళ్ళు రెండూ సమానంగా చాపి పాదాలు నిటారుగా వేస్తే ఎవరికైనా అలాగే కనిపిస్తుంది.

మంచం వంకరొచ్చింది: నాలుగు కాళ్ళు నేల మీద ఎక్కడ ఆనాయో ముందు చుక్కలు పెట్టి కలపండి, తర్వాత పైకి లేపండి.

సామాన్లు ఎక్కువైపోయాయి: సెలైనా, ఆక్సిజనా, యూరిన్ బ్యాగా, ఒక్కటే ఉంచండి. మిగతావి గోడ రంగుతో కప్పెయ్యండి.

సెలైన్ తప్పుగా ఉంది: బాటిలు చేతికంటే బాగా ఎత్తులో ఉండాలి, లేకపోతే మందు దిగదు, రక్తం ట్యూబులోకి వెనక్కొస్తుంది. బాటిలు కింద చుక్కలు పడే చిన్న గది, దాని కింద ట్యూబు, మధ్యలో తిప్పే చక్రం, చేతి వెనక ప్లాస్టరు. నర్సింగు చదివినవాళ్ళు మొదట చూసేది ఇదే, తప్పుంటే మిగతా బొమ్మ చూడరు.

ఏడుపు ఎక్కువైంది: కన్నీళ్ళు చెరిపెయ్యండి. ఏడ్చేసిన బొమ్మ ముందు చూసేవాడికి చెయ్యడానికేం మిగలదు. తెరిచిన కళ్ళు, సీలింగు వైపు చూపు చాలు.

డాక్టరు దేవుడిలా మధ్యలో నిలబడ్డాడు: తీసెయ్యండి. మరీ కావాలంటే తెల్ల కోటు అంచు ఒకటి ఫ్రేము పక్క నుంచి వెళ్ళిపోతున్నట్టు.

రంగు బురదైంది: ఆపి రాత్రంతా ఆరనివ్వండి. ఆరాక తెలుపు కలిపిన బూడిద పల్చగా మీదేసి మళ్ళీ ఇరేజరు బదులు తడి గుడ్డతో వెలుగు తియ్యండి.

11. వైజాగ్ గాలితో జాగ్రత్తలు

సముద్రపు తేమ పేపరుకి శత్రువు. వానాకాలంలో, ముసురు పట్టిన రోజున ఫిక్సేటివ్ కొడితే తెల్లటి పొర వచ్చే అవకాశముంది, పొడిగా ఉన్న మధ్యాహ్నం చూసుకోండి. బాల్కనీలో గాలి ఎక్కువైతే స్ప్రే అంతా పక్కింటికి పోద్ది, కిటికీలు తెరిచిన గదిలో అడుగు దూరం నుంచి పల్చగా రెండు కోట్లు, ముక్కుకి మాస్కు.

ఫ్రేము కట్టించేటప్పుడు షాపువాడికి గట్టిగా చెప్పండి:

- గ్లాసు బొమ్మకి తగలకూడదు, మధ్యలో మౌంటు ఉండాలి
- వెనక అట్ట చుట్టూ టేపు వేసి మూసెయ్యాలి
- హుక్కులు, స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలు, మామూలు ఇనుము బీచి వైపు ఇళ్ళలో తుప్పు పట్టేస్తుంది
- వానకి చెమ్మ పట్టే బయటి గోడకి తగిలించొద్దు

పేపరు మీద గోధుమరంగు చుక్కలు కనిపిస్తే బూజు మొదలై ఉండొచ్చు, ఫ్రేము విప్పి పొడి గదిలో ఆరబెట్టి వెనక అట్ట మార్చండి. ఫ్రేము కట్టని షీట్లయితే సిలికా జెల్ ప్యాకెట్లతో కలిపి మూత ఉన్న డబ్బాలో పెట్టండి.

12. నలుగురికీ చూపించే ముందు

- కేస్ షీటు మీద అక్షరాలు చదివేలా ఉన్నాయా, ఉంటే గీతలుగా మార్చండి
- మంచం నంబరు, హాస్పిటల్ బోర్డు, వార్డు పేరు ఉన్నాయా, తీసెయ్యండి
- పచ్చబొట్టు, ప్రత్యేకమైన ముక్కుపుడక, మచ్చ లాంటివి అసలు మనిషివే వేశారా, మార్చండి
- ఇద్దరు ముగ్గురి ఒళ్ళు కలిపి ఒక మనిషిని చేశారా, చేస్తే మంచిది
- కింద రాసే పేరులో జబ్బు పేరు లేదు కదా

వార్డులో పనిచేసే సిస్టరో ఆయానో తెలిసినవాళ్ళుంటే ముందు వాళ్ళకి చూపించండి. ఆర్టు తెలిసినవాళ్ళు కంపోజిషన్ అంటారు, వీళ్ళు "ఈ టైములో కిటికీ మూసేస్తాం కదా" అంటారు, రెండోదే మీకు ఎక్కువ పనికొస్తుంది.

గీసుకోడానికి ఒప్పుకున్న పేషెంటు ఉంటే ఎగ్జిబిషన్‌కి పెట్టేముందు, ఇన్‌స్టాలో పెట్టేముందు, అమ్మేముందు మళ్ళీ అడగాలి. గీసుకోమన్న మాట వేరు, నలుగురిలో పెట్టమన్న మాట వేరు. వద్దంటే ఆ బొమ్మ మీ ఇంట్లోనే ఉండాలి. ఒప్పుకుంటే ఒక ప్రింటు ఇవ్వండి, విజిటింగ్ టైములోనే వెళ్ళండి, ఏ4 సైజు చాలు, ఫ్రేము కట్టించి పట్టుకెళ్ళకండి, మంచం పక్కన అది పెట్టుకోడానికి చోటుండదు.